పనిచేయదా, పనికిరాదా?

సందేహం: మా ఊళ్లో ఒక రిపేరు దుకాణం ముందు ‘డిజిటల్ కేబుల్‌కు పాత వీసీఆర్ పనిచేయదు’ అని బోర్డు పెట్టారు. ‘పనికిరాదు’ అనాలి కదా? – ఒక పాఠకుడు, కావలి

సమాధానం: పనిచేయడం యంత్రం సంగతి, పనికిరావడం మన అవసరం సంగతి. ‘పనికిరాదు’ అనగానే ‘దేనికి?’ అన్న ప్రశ్న వెంట వస్తుంది. చవుడు నేల వరికి పనికిరాదు, ఉప్పుమళ్లకు పనికొస్తుంది. నేల అదే.

ఇక వీసీఆర్, అంటే వీడియో క్యాసెట్లు ఆడించే, రికార్డు చేసే యంత్రం. పట్టణాల్లో కేబుల్ డిజిటల్‌కు మారాలని 2015 డిసెంబరు 31 గడువు పెట్టారు. వీసీఆర్‌లో సిగ్నల్ అందుకునే భాగమైన ట్యూనర్‌కు పాతరకం అనలాగ్ సిగ్నలే తెలుసు. కాబట్టి డిజిటల్ కేబుల్ వైరును నేరుగా దాని వెనక గుచ్చితే తెరమీద చుక్కలే. అయినా మోటారు తిరుగుతుంది, పాత పెళ్లి క్యాసెట్టు మునుపటిలాగే ఆడుతుంది. అలాంటప్పుడు ‘పనిచేయదు’ అనడం పొరపాటే.

పోనీ, పనికిరాదా? రికార్డింగుకు ఇంకా పనికొస్తుంది. సెట్‌టాప్ బాక్సు ‘ఏవీ అవుట్’ (బొమ్మ, ధ్వని బయటికొచ్చే చోటు) నుంచి పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు వీసీఆర్ ‘ఏవీ ఇన్’ (అవి లోపలికెళ్లే చోటు)కు కలపాలి. ధ్వనికి ఒకే వైరు పట్టే మోనో సెట్టయితే పసుపు, తెలుపు చాలు. ఆపైన వీసీఆర్‌లో ఛానల్ బదులు ‘ఏవీ’ ఎంచుకోవాలి. ఛానల్ మార్చేది ఇక బాక్సే. చిక్కంతా టైమర్‌తోనే. వీసీఆర్ వేళకు లేస్తుంది గానీ బాక్సును లేపలేదు. బాక్సు ఆన్‌లో, కావలసిన ఛానల్ మీదే ఉండాలి. మధ్యలో కరెంటు పోయిందా, చాలా సెట్లలో గడియారం చెరిగిపోయి అంకెలు మిణుకుతుంటాయి, రికార్డింగు తప్పిపోతుంది. ఒకటి చూస్తూ ఇంకొకటి రికార్డు చేయడం ఒక్క బాక్సుతో కుదరదు.

‘పనిచేయదు’తో ఇంకో ఇబ్బంది. ‘పనిచేయడం లేదు’ అంటే ఇప్పటి చెడు, బాగుచేస్తే పోతుంది. ‘పనిచేయలేదు’ అంటే జరిగిపోయిన మాట. ‘పనిచేయదు’ మాత్రం స్వభావాన్నీ చెబుతుంది, ముందు జరగబోయేదాన్నీ చెబుతుంది. బోర్డు చదివినవాడు సెట్టే పోయిందనుకుని పాత సామాన్లవాడికి వేసేస్తాడు.

ఇక్కడ కావలసిన క్రియ మన ఇళ్లలోనే ఉంది: పట్టడం. రేడియో స్టేషన్ పట్టింది, ఫోను సిగ్నల్ పట్టడం లేదు అంటాం కదా. బోర్డుమీద ఇలా ఉంటే సరి: ‘పాత వీసీఆర్ డిజిటల్ ఛానళ్లు పట్టదు. బాక్సు కలిపితే రికార్డు చేస్తుంది.’