తల్లి వైపు డీఎన్ఏ పరీక్షతో రాజవంశపు వారసత్వం తేలుతుందా?

మీ అమ్మమ్మ వైపు వారు కాకతీయుల సంతతి అని ఇంట్లో చెప్పుకుంటారని, మైటోకాండ్రియా (కణాలకు శక్తినిచ్చే చిన్న భాగాలు) డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఆ సంగతి రుజువవుతుందా అని మీరు అడిగారు. ఇదే మాట మా ఇంట్లోనూ తరతరాలుగా ఉంది. అందుకే మూడేళ్ల క్రితం మా అమ్మకు ఆ పరీక్ష చేయించాను.

ఈ డీఎన్ఏ తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తుంది కానీ, కొడుకుల దగ్గర ఆగిపోయి, కూతుళ్ల ద్వారా మాత్రమే ముందుకు సాగుతుంది. ఇందులో ఉండేవి సుమారు 16,569 రసాయన అక్షరాలే. అవి చాలా తరాల వరకు పెద్దగా మారవు.

దీని బలం తెలియాలంటే రష్యా రాజకుటుంబం కథ చూడాలి. 1918లో చక్రవర్తి రెండవ నికోలస్‌ను, ఆయన కుటుంబాన్ని యెకాటెరిన్‌బర్గ్‌లో కాల్చి చంపారు. 1991లో అక్కడికి దగ్గరలో తవ్వితీసిన ఎముకల్లో రాణి అలెగ్జాండ్రావి, ముగ్గురు కూతుళ్లవి అనుకున్నవాటిని బ్రిటన్ యువరాజు ఫిలిప్ రక్తంతో పోల్చి చూస్తే తల్లి వైపు డీఎన్ఏ సరిపోయింది. ఫిలిప్ ఆ రాణికి అక్క కూతురి కొడుకు. ఆ రాణి కూతురు అనస్తాసియాను తానేనని దశాబ్దాల పాటు చెప్పుకున్న అన్నా ఆండర్సన్ 1984లో మరణించారు. ఆమెకు 1979లో జరిగిన శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్క ఆసుపత్రిలో భద్రంగా ఉండటంతో దాన్ని పరీక్షించారు. అది ఫిలిప్‌తో సరిపోలేదు. అన్నా నిజానికి ఆమేనని కొందరు అనుమానించిన ఫ్రాంజిస్కా షాంజ్‌కోవ్‌స్కా అనే కార్మికురాలి సోదరి కూతురి కొడుకుతో సరిపోయింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. సరిపోకపోవడం అన్నా ఆండర్సన్ ఆ రాణి కడుపున పుట్టలేదని గట్టిగా చెబుతుంది. సరిపోవడం మాత్రం ఆ బంధుత్వానికి ఆస్కారం ఉందనే చెబుతుంది, ఎందుకంటే ఒకే అక్షరాల వరుస ఏ చుట్టరికమూ తెలియని వారిలో కూడా ఉండవచ్చు.

మా సంగతికి వస్తే, దూది చుట్టిన పుల్లతో బుగ్గ లోపల రుద్దించుకుంటూ అమ్మ "రుద్రమదేవి ఇందులో కనబడుతుందా?" అని అడిగింది. ఎంతో ఆశతో అడిగిన ప్రశ్న అది. నివేదికలో వచ్చింది "ఎం" వర్గానికి (ఎప్పుడో ఒకే తల్లి నుంచి దిగివచ్చిన తల్లి వరుసల గుంపు) చెందిన ఒక శాఖ. భారతీయుల్లో సగానికి పైగా ఆ వర్గంలోని వారే. పోల్చడానికి రుద్రమదేవి అస్థికలు గానీ, తల్లుల వరుసలో ఆమె నుంచి దిగివచ్చినట్టు పత్రాలతో రుజువైన మనిషి గానీ లేరు. పైగా మా ఇంటి కథ ప్రతాపరుద్రుడి మీదుగా వస్తుంది. ఆయన రుద్రమదేవి కూతురు ముమ్మడమ్మ కొడుకు కాబట్టి ఆమె మైటోకాండ్రియా డీఎన్ఏ ఆయన వరకు వచ్చి ఉంటుంది, ఆయన పిల్లలకు మాత్రం వాళ్ల తల్లిది వస్తుంది. అంటే రుద్రమదేవి అస్థికలు దొరికినా మా కథ నిజమో కాదో ఈ పరీక్ష చెప్పలేదు. మీ ఇంటి కథలోనూ మధ్యలో ఒక్క మగవాడు ఉన్నాడేమో డబ్బు కట్టే ముందే చూసుకోండి.

ఆ తర్వాత నేను అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి, ఇలా పేర్లు రాసుకుంటూ వెళ్లాను. ఐదో తరం దగ్గర ఆగిపోయాను. పాత దస్తావేజులో ఆమె పేరు లేదు, "ఫలానా వారి కోడలు" అని మాత్రమే ఉంది. నన్ను ఎక్కువగా బాధించింది అదే. మీ అమ్మమ్మ ఉంటే, వాళ్ల అమ్మ పేరు, ఆమె పుట్టింటి ఊరు ఈ వారమే అడిగి రాసి పెట్టుకోండి.