మూత్రానికి చీమలు పట్టకపోతే షుగర్ లేనట్టేనా?

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణంలో గుమస్తాను, పొద్దంతా కూర్చునే పని. మా బాపుకు షుగర్ ఉంది. ఏడాదిగా నా మెడ వెనక నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. అన్నం తిన్నాక ఒకటే నిద్ర. మూత్రానికి చీమలు పట్టడం లేదు కాబట్టి షుగర్ లేనట్టే అంటాడు బాపు. టెస్టు అవసరమా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అవసరమే తమ్ముడూ, ఈ వారంలోనే చేయించుకో. చీమల మాట మన ఊళ్లల్లో చాలామంది నమ్ముతారు, కానీ రక్తంలో షుగర్ దాదాపు 180 దాటితే గానీ కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదలవు, పరగడుపున 126 ఉంటే చాలు, డాక్టర్లు షుగర్ జబ్బు అంటారు. అంటే చీమలు వచ్చేదాకా ఆగితే జబ్బు మొదలై ఎన్నాళ్లయిందో కూడా తెలియదు. అతిగా దాహం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, ఊరికే బరువు తగ్గడం, పుండ్లు మానకపోవడం కూడా అంతే, చాలామందిలో ఇవేవీ లేకుండానే షుగర్ ఉంటుంది.

నన్ను టెన్షన్ పెట్టింది నీ మెడ సంగతే. చర్మం మందంగా, ముట్టుకుంటే మఖమల్ గుడ్డలా ఉందేమో చూడు, చంకల్లో కూడా చూసుకో. అది మురికి కాదు, పీచుతో గీరుకోకు. ఇన్సులిన్ సరిగా పనిచేయక ఒళ్లు దాన్ని మరింత తయారుచేస్తున్నప్పుడు చర్మం తరచూ ఇలా మారుతుంది. తిన్నాక నిద్రంటావా, దాన్నొక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేం. బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలుచుకో, ప్యాంటు సైజు లెక్క కాదు, ప్యాంటు పొట్ట కింద కట్టుకుంటాం కదా. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ముప్పు ఎక్కువ.

రాత్రి తిన్నాక ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, పొద్దున ఛాయ్ కూడా తాగకుండా బస్తీ దవాఖానకో పీహెచ్‌సీకో వెళ్లు, 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. వేలి చుక్కలో ఎక్కువొస్తే నరం నుంచి రక్తం తీయించి ఖాయం చేసుకోవాలి. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్షలో 6.5 శాతం గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్. పరగడుపున 100 నుంచి 125 మధ్య వస్తే మాత్రం ఇంకా నీ చేతుల్లోనే ఉంది: అమెరికాలో 2002లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అలాంటివాళ్లు బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే షుగర్ వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది.

బాపును కూడా ఒకమాట అడుగు తమ్ముడూ, నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని. అవునంటే షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిందేమో, ఆయన్నీ నీతోపాటు తీసుకెళ్లి పాదాలు చూపించు.