మంచు జాకెట్లకు అప్పు వద్దు, ఆ 21 వేలు కదపవద్దు

ప్రశ్న: మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. మందుల హోల్‌సేల్ షాపులో పని చేస్తాను. నా జీతం, మా ఆవిడ కుట్టుపని కలిపి నెలకు 38 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 27 వేలు, చిట్టీ 5 వేలు. జనవరి చివరి వారంలో పిల్లలతో (11, 6 ఏళ్లు) మొదటిసారి మంచు చూడ్డానికి మనాలి వెళ్తున్నాం. రైలుకు, హోటల్‌కు డబ్బు విడిగా తీసి పెట్టేశాం. బ్యాంకులో 21 వేలు మిగిలాయి. విశాఖలో ఒక షోరూమ్‌లో నలుగురికీ జాకెట్లు, బూట్లు, థర్మల్స్ (లోపల వేసుకునే వెచ్చని బట్టలు) కలిపి 46 వేలు అన్నారు. తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామంటున్నారు. ఫోన్ యాప్‌లో 50 వేల లోన్ కూడా రెడీగా ఉంది: 12 నెలలు, రెండున్నర రూపాయల వడ్డీ, 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు. రెండింటిలో ఏది మంచిది? ఎలాంటి జాకెట్లు తీసుకోవాలి?

జవాబు: రెండూ వద్దండి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది జాకెట్ల ధర కాదు, "21 వేలు మిగిలాయి" అన్న మాట. అది మిగులు కాదు. మీ ఇంటికి ఒక నెల ఖర్చు కూడా కాదు. మీది ప్రైవేటు ఉద్యోగం, మీ ఆవిడకు మిషన్ ఆగితే ఆదాయం ఆగుతుంది. మీకు కనీసం ఆరు నెలల ఖర్చు, అంటే 1,62,000 రూపాయలు విడిగా ఉండాలి. ఆ గుంత అలాగే ఉండగా దాని పక్కనే ఇంకో గుంత తవ్వుతానంటున్నారు.

గజపతి జిల్లా వాళ్లకు ఈ మాట నేను చెప్పాల్సిన పని లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీ జిల్లా ఎంత దెబ్బ తిన్నదో మీరే చూశారు. కాశీనగర్ వైపు నాకు తెలిసిన ఒక కుటుంబం ఆ తుపానుకు కొద్ది ముందే పెద్ద టీవీ ఈఎంఐలో తీసుకుంది. గాలికి కొట్టు పైకప్పు రేకులు లేచిపోయాయి. చేతిలో డబ్బు లేదు, కార్డు నిండిపోయింది. రేకులు కొనడానికి అయిదు రూపాయల వడ్డీకి తెచ్చారు. కరెంటు లేక టీవీ గోడకు ఊరికే ఉంది, దాని కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా కట్టారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు అత్యవసర నిధి సంగతే ఎత్తుతున్నాను.

యాప్ లోన్ లెక్క చూద్దాం. రెండున్నర రూపాయలు అంటే మన ఊళ్లలో తక్కువ వడ్డీలా వినిపిస్తుంది. 50 వేల మీద ఏడాదికి 15 వేలు వడ్డీ. నెలకు 5,417 కట్టాలి. ఫీజు, దాని మీద జీఎస్టీ పోను మీ చేతికి వచ్చేది 48,230 మాత్రమే. నెల నెలా అసలు తగ్గుతున్నా వాళ్లు మొత్తం 50 వేల మీదే వడ్డీ వేస్తారు. కాబట్టి నిజానికి మీకు పడేది నూటికి దాదాపు అయిదు రూపాయల వడ్డీ. పైన చెప్పిన కుటుంబం దిక్కులేక తెచ్చిన వడ్డీ అది. మీరు జాకెట్ల కోసం తెస్తానంటున్నారు! వద్దంటే వద్దు. నో కాస్ట్ ఈఎంఐ అంత ఘోరం కాదు, కానీ దానిలోనూ ఫీజు ఉండొచ్చు, క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారో అడిగి చూడండి, వడ్డీ ఎక్కడ దాక్కుందో తెలుస్తుంది.

అసలు 46 వేల బట్టలు మీకు అక్కర్లేదు. చలికాలం రాత్రి కూడా పర్లాకిమిడిలో పలుచని స్వెట్టర్ చాలు. ఆ లావు జాకెట్ తిరిగొచ్చాక పాలిథిన్ కవరులో అటకెక్కుతుంది. అలాంటిది ఒకటి ఒక ఇంట్లో నాకు చూపించారు. మన తేమకు కాలర్ చుట్టూ తెల్లటి బూజు పట్టింది, లోపలి ఈకలు ఉండలు కట్టాయి. ఇక మీ చిన్నవాడికి వచ్చే ఏడాదికి చేతులు పట్టవు.

పై కోటు, ప్యాంటు, బూట్లు అక్కడే అద్దెకు తీసుకోండి. మనాలి నుంచి సోలాంగ్ లోయకు వెళ్లే దారి పొడవునా వీటిని అద్దెకిచ్చే దుకాణాలే. బేరం ఆడండి. జిప్పు పడుతుందో లేదో, బూటు లోపల తడి ఉందో లేదో చెయ్యి పెట్టి చూసి తీసుకోండి. మంచులో ఆడే రోజులు ఒకటి రెండే ఉంటాయి. దీనికి 3 వేలు పక్కన పెట్టండి.

ఒంటికి తగిలేవి మాత్రం సొంతవి ఉండాలి. ఇక్కడ పిసినారితనం వద్దు. లోపల కాటన్ బనియన్ వేయకండి. వానలో తడిసిన నూలు చొక్కాతో బండి మీద వెళ్తే ఎలా వణుకుతామో తెలుసు కదా, మంచులో చెమట పట్టిన కాటన్ అదే పని చేస్తుంది. పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్స్ మనిషికి రెండు జతలు, దాని మీద ఉన్ని స్వెట్టర్ లేదా ఫ్లీస్ (మెత్తటి నూగు ఉండే పాలిస్టర్ బట్ట). జీన్స్ తడిస్తే ఆరదు, ఇంట్లోనే వదిలేయండి. ఉన్ని సాక్సులు మనిషికి మూడు జతలు. రెండు జతలు బిగించి తొడిగితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. పిల్లలు మంచు ముద్దలు చేయకుండా ఉండరు, కాబట్టి వాళ్లకు ఉత్త ఉన్ని గ్లౌజులు కాకుండా నీళ్లు దిగనివి కొనండి. చెవులు మూసే టోపీ, చల్లద్దాలు తప్పనిసరి, కొత్త మంచు మీద ఎండ కళ్లలోకి కొడుతుంది.

నా అంచనా: థర్మల్స్ 4,800, స్వెట్టర్లు 3,600, సాక్సులు 1,800, గ్లౌజులు, టోపీలు 1,600. మొత్తం 11,800. అద్దెతో కలిపి 14,800. చల్లద్దాలు ఇంట్లో ఉన్నవే చాలు. చలికాలం మొదలయ్యాక బరంపురంలో టిబెటన్లు పెట్టే స్వెట్టర్ల దుకాణాలు చూడండి, మీ జిల్లా చంద్రగిరిలోనే వాళ్ల కాలనీ ఉంది కదా.

ఈ డబ్బు ఎక్కడిది? నెలకు మీకు 6 వేలు మిగులుతున్నాయి. కిస్తీ కట్టగలనని అనుకున్నది కూడా ఆ డబ్బు చూసే కదా. ఇప్పటి నుంచి డిసెంబరు దాకా నాలుగు జీతాలు. నెలకు 4 వేలు బట్టలకు తీస్తే 16 వేలు చేతిలో ఉంటాయి. మిగతా 2 వేలు ఆ 21 వేలలో కలపండి, బయల్దేరేనాటికి 29 వేలు అవుతుంది. దసరాకు, సంక్రాంతికి మీ ఆవిడకు రవికలు కుట్టే గిరాకీ పెరిగితే ఆ అదనం కూడా అందులోకే. మంచు ఎక్కువ పడి మనాలి రోడ్డు మూసేస్తే రెండు రోజుల హోటల్ ఖర్చుకు అదే దిక్కు. తిరిగొచ్చాక పూర్తి 6 వేలూ అందులోకే వేయండి. చిట్టీ ఎత్తినప్పుడు ఆ డబ్బు కూడా వేస్తే 1,62,000 తొందరగా చేరుతుంది. కుటుంబానికి ఆరోగ్య బీమా సంగతి మీరు రాయలేదు. లేకపోతే ట్రిప్‌కు ముందే తీసుకోండి.

ఆ యాప్ తీసేసే ముందు ఒకసారి మీ బ్యాంకు ఖాతా చూసుకోండి, మీకు తెలియకుండా డబ్బు పడలేదు కదా అని. ఫోన్‌లో కాంటాక్టులు చూసే అనుమతి ఇచ్చి ఉంటే అది కూడా ఈ రోజే తీసేయండి.