కలెక్టర్ గారి ప్రశంసా పత్రం వస్తే మా సంస్థకి ప్రభుత్వ గుర్తింపు వచ్చినట్టేనా?

విశాఖలో తప్పిపోయిన పిల్లల కోసం మూడేళ్లుగా పనిచేస్తున్నామని, ప్రభుత్వ అవార్డుకి అప్లై చేస్తే ఉపయోగం ఉంటుందా అని అడిగారు. రైల్వే స్టేషన్ దగ్గర ఇదే పని నేను ఆరేళ్లు చేశాను. ఒక రిపబ్లిక్ డే నాడు పోలీస్ బ్యారక్స్ గ్రౌండ్‌లో మాకూ ప్రశంసా పత్రం ఇచ్చారు. దాని సంగతి చివర్లో చెప్తాను. అంతకంటే ముందు మీరు చూసుకోవాల్సింది వేరే ఉంది.

హౌరా నుంచి చెన్నై వెళ్లే బళ్లు చాలావరకు మన స్టేషన్‌కి వచ్చాక ఇంజన్ అటు నుంచి ఇటు మార్చుకుని, వచ్చిన వైపే కదులుతాయి కదా. కొత్తవాళ్లకి బండి వెనక్కి పోతున్నట్టే ఉంటుంది. ఇంట్లో దెబ్బలు తప్పించుకుని బండెక్కిన ఒక ఒడియా పిల్లాడు, పదేళ్లుంటాయేమో, అలాగే అనుకున్నాడు. మళ్లీ ఇంటికే తీసుకుపోతున్నారని హడలిపోయి, బండి కదులుతుండగా దిగిపోయాడు. రాత్రి పదింటికి జ్ఞానాపురం వైపు గేటు దగ్గర మా కంటపడ్డాడు. పేరు తప్ప ఏమీ చెప్పడు. ఒడియా వచ్చిన టీ కొట్టు ఆయన బతిమాలితే ఇంత తిన్నాడు.

అప్పటికి మేం పని మొదలుపెట్టి నాలుగు నెలలే. పిల్లాణ్ని మా ఆఫీసులోనే పడుకోబెట్టాం. ఊరు కనుక్కుని మేమే దింపేద్దామని మర్నాడూ ఉంచాం. మూడో రోజు పోలీసుల దగ్గరికి వెళ్తే ఎస్సై గారు ఒకటే అడిగారు: "మేడం, రెండు రాత్రులు వీణ్ని ఎవరి పర్మిషన్‌తో ఉంచుకున్నారు?"

నా దగ్గర జవాబు లేదు. ఈలోపు అక్కడ వాళ్ల నాన్న కంప్లైంట్ ఇచ్చి ఉన్నాడు. పిల్లలు తప్పిపోయారని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని, కిడ్నాప్ గానీ అక్రమ రవాణా గానీ జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే. కానీ ఆ లెక్కన చూస్తే పిల్లాణ్ని దాచిపెట్టింది మేమే! ఎస్సై గారు మంచాయన కాబట్టి తిట్టి వదిలేశారు. ఆ తర్వాత పిల్లాణ్ని బాలల సంక్షేమ కమిటీ (రక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే జిల్లా కమిటీ) ద్వారానే ఒడిశా పంపారు. వెళ్లేముందు వాడు టీ కొట్టు ఆయన్ని అడిగింది, ఈసారి బండి ఏ వైపు పోతుందని.

ఆ రోజు ఇంటికొచ్చి 2015 జువైనల్ జస్టిస్ చట్టం మొదటిసారి కుదురుగా చదివాను. ముందే చదవాల్సింది, సిగ్గుగానే ఉంది. దొరికిన పిల్లల్ని, ప్రయాణానికి పట్టే టైం తీసేసి, 24 గంటల్లోపు కమిటీ ముందు హాజరుపరచాలి. దొరికారన్న సమాచారం ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలో, పది వేల జరిమానానో, రెండూనో పడొచ్చు. పిల్లల్ని ఉంచుకునే హోం నడపాలంటే సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అది ఐదేళ్లు చెల్లుతుంది. 2021 సవరణ తర్వాత ఈ రిజిస్ట్రేషన్‌కి జిల్లా కలెక్టర్ సిఫార్సు కూడా చూస్తున్నారు. కలెక్టర్ సంతకం కోసం తిరిగేటట్టయితే, తిరగాల్సింది దీనికి.

హోం పెట్టే స్తోమత మాకు లేదు, మీకూ ఉండకపోవచ్చు. అలాంటివాళ్లకి పనికొచ్చేది సెక్షన్ 51. ఫలానా అవసరానికి పిల్లల బాధ్యత తాత్కాలికంగా తీసుకోగలరని కమిటీ విచారించి 'ఫిట్ ఫెసిలిటీ'గా గుర్తిస్తుంది. సొసైటీ రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపుల 12ఏ, 80జీ, ఎన్జీవోల ప్రభుత్వ పోర్టల్ దర్పణ్ నంబరు అన్నీ ఉన్నాయని రాశారు. ఉండాల్సినవే, కాకపోతే అవన్నీ సంస్థకీ డబ్బుకీ సంబంధించినవి. రాత్రి పదింటికి పిల్లాడు దొరికితే ఎస్సై గారి ముందు పెట్టడానికి అవి పనికిరావు.

పేరు కంటే చట్టంలో చోటు దొరకడం పెద్ద గుర్తింపు అనడానికి అమెరికాలో తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం పనిచేసే ఎన్‌సీఎంఈసీని చూడండి. 1984లో పుట్టిన అది లాభాపేక్ష లేని సంస్థే. అయినా పిల్లల లైంగిక దోపిడీ చిత్రాలు తమ దృష్టికొస్తే అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు దానికి రిపోర్ట్ చేయాలని చట్టమే చెప్తుంది. మన దేశానికి సంబంధించిన ఆ రిపోర్టులు అందుకోవడానికి మన జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) 2019లో దానితో ఒప్పందం చేసుకుంది.

ఇచ్చిన చోటు పోవడమూ ఉంటుంది. 1996లో ముంబైలో మొదలైన పిల్లల హెల్ప్‌లైన్ 1098ని ఏళ్ల తరబడి స్వచ్ఛంద సంస్థలే నడిపాయి. 2023లో పిల్లల రక్షణకి పెట్టిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ప్రభుత్వాలు తీసుకుని ఎమర్జెన్సీ నంబరు 112తో కలిపాయి. తీసుకోవడం తప్పని నేననను. కానీ పోర్టర్లతో, సమోసాలమ్మే కుర్రాళ్లతో ఏళ్లుగా పెంచుకున్న పరిచయం ఒక ఆర్డరుతో చేతులు మారదు.

ఇక అవార్డు సంగతి. పద్మ పురస్కారం దాకా ఆలోచిస్తుంటే, అది మనిషికే ఇస్తారు, సంస్థకి కాదు. అక్రమ రవాణా బాధితుల కోసం పనిచేసే హైదరాబాద్ సంస్థ 'ప్రజ్వల' పని అందరికీ తెలిసిందే, కానీ 2016లో పద్మశ్రీ వచ్చింది దాన్ని నడిపే సునీతా కృష్ణన్ గారికి. జిల్లా స్థాయిలో మా పేరు పంపేటప్పుడు ఒక ఆఫీసులో, కాపాడిన పిల్లలతో దిగిన ఫొటోలు జతచేయమన్నారు. సెక్షన్ 74 ప్రకారం ఆ పిల్లల గుర్తింపు బయటపెట్టడమే నేరం. మొహాలు బ్లర్ చేసి ఇవ్వండి అన్నారు. ఇవ్వం అన్నాం. ఫొటోలు లేకుండా, కేసుల సంఖ్య మాత్రమే రాసి పంపాం. ఆ ఏడాది రాలేదు, మరుసటేడాది వచ్చింది. మిమ్మల్నీ అడుగుతారు, మొహమాటపడకండి.

ప్రశంసా పత్రం వల్ల ఉపయోగమే లేదని చెప్పను. దాని జిరాక్స్ ఫైల్లో పెట్టాక కొన్నిచోట్ల నిలబెట్టి మాట్లాడేవాళ్లు కుర్చీ వేయడం మొదలుపెట్టారు. కాబట్టి అప్లై చేయండి. కాకపోతే ముందు ఈ వారంలోనే కమిటీ ఆఫీసుకి వెళ్లి సెక్షన్ 51 కింద దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. అది తేలేదాకా పిల్లలెవరినీ మీ ఆఫీసులో రాత్రి ఉంచకండి.