మీరడిగారు: నిన్న న్యూజిలాండ్, ఇవాళ టోంగా?

ప్రశ్న: 2023 రగ్బీ ప్రపంచకప్ హైలైట్స్‌లో టోంగా తరఫున చార్ల్స్ పియుటావ్ అనే అతన్ని చూశాను. పేరు కొట్టి వెతికితే పాత వీడియోల్లో అదే మనిషి న్యూజిలాండ్ నల్ల జెర్సీలో ఉన్నాడు! ఎవరు డబ్బులెక్కువిస్తే ఆ దేశానికి వెళ్లిపోవడమేనా ఈ ఆటలో?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: డబ్బు సంగతి నిజమేనండీ, కానీ మీరు దాన్ని తప్పు చోట పెట్టారు. పియుటావ్ డబ్బు కోసం వదులుకున్నది న్యూజిలాండ్ జెర్సీని. టోంగాకి వచ్చాడంటారా, అక్కడ జీతాలివ్వడానికి బోర్డు దగ్గర ఏముందని!

అతను 1991లో ఆక్లాండ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు టోంగా వాళ్లు, పదిమంది పిల్లల్లో ఇతనే ఆఖరివాడు. చదివింది వెస్లీ కాలేజీలో, న్యూజిలాండ్ రగ్బీ దిగ్గజం జోనా లోము చదివిన బడే అది. 2013లో ఆల్ బ్లాక్స్‌లోకి, అంటే న్యూజిలాండ్ జట్టులోకి వచ్చి 17 టెస్టులాడాడు (రగ్బీలో అంతర్జాతీయ మ్యాచ్‌ని టెస్టు అంటారు). ఆడే చోటు ఎక్కువగా ఫుల్‌బ్యాక్, అంటే జట్టుకి అందరికంటే వెనక నిలబడేవాడు. లాంగాన్‌లో ఆకాశమంత ఎత్తు క్యాచ్ కింద నిలబడ్డ ఫీల్డర్‌ని ఊహించుకోండి, కాకపోతే ఆ బంతి దిగేలోపు వంద కిలోల మనుషులు ఇద్దరు ముగ్గురు అతని మీదకే పరిగెత్తుకొస్తుంటారు. పియుటావ్ ఆ బంతి పట్టుకుని, ఒక్క అడుగు పక్కకేసి, వాళ్ల మధ్యలోంచే జారిపోయేవాడు.

2015లో ఉత్తర ఐర్లాండ్‌లోని అల్స్టర్ క్లబ్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ ఏడాది ప్రపంచకప్ జట్టులో చోటు దక్కలేదు. బయట దేశాల్లో ఆడేవాళ్లని న్యూజిలాండ్ తీసుకోదు కాబట్టి అక్కడితో ఆ తలుపు మూసుకుపోయింది. అప్పటికి 23 ఏళ్లే! తర్వాత 2018లో ఇంగ్లండ్‌లో బ్రిస్టల్‌కి మారినప్పుడు ఏడాదికి పది లక్షల పౌండ్లని పేపర్లు రాశాయి, మన లెక్కలో అప్పట్లో దాదాపు తొమ్మిది కోట్ల రూపాయలు. ఆశపోతు అనేముందు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. బయటి నుంచి వచ్చే డబ్బు మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా ఆధారపడే దేశాల్లో టోంగా ఒకటి. కరీంనగర్ పల్లెల్లో గల్ఫ్ డబ్బు కోసం చూసే ఇళ్లు తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక టోంగాకి ఎలా ఆడాడంటారా. ఒకసారి ఒక దేశానికి ఆడితే జీవితాంతం ఆ దేశానికే కట్టుబడాలన్నది పాత రూలు. దానివల్ల పెద్ద జట్లు కుర్రాళ్లకి నాలుగు మ్యాచ్‌లిచ్చి పక్కన పెట్టేసినా వాళ్లు అమ్మానాన్నల దేశానికి పనికిరాకుండా పోయేవాళ్లు. నన్నడిగితే అదీ అసలు అన్యాయం. 2022 జనవరి 1 నుంచి రూలు మారింది: మూడేళ్లు అంతర్జాతీయ మ్యాచ్‌లాడకుండా ఉంటే, తను గానీ, తల్లిదండ్రులు గానీ, తాతలు, అమ్మమ్మ, నాయనమ్మలు గానీ పుట్టిన దేశానికి ఒక్కసారి మారొచ్చు. మరో రెండు వారాలకే టోంగాలో సముద్రంలోని అగ్నిపర్వతం పేలి దేశమంతా బూడిద కప్పేసింది. ఆ జులైలోనే పియుటావ్ టోంగా ఎర్ర జెర్సీ వేసుకున్నాడు. న్యూజిలాండ్‌కి ఆడిన ఫెకిటోవా, ఆస్ట్రేలియాకి ఆడిన ఇజ్రాయెల్ ఫొలావ్ కూడా అదే దారిలో వచ్చారు.

ప్రశ్న: ఇంతమంది స్టార్లు వచ్చారుగా, మరి టోంగా ఏమైనా గెలిచిందా?
- మరో పాఠకురాలు, గుంటూరు

జవాబు: 2023 ప్రపంచకప్‌లో రొమేనియా మీద 45-24, అంతే. ఐర్లాండ్, స్కాట్లాండ్, దక్షిణాఫ్రికా చేతుల్లో గట్టిగానే ఓడింది. ఒక్కొక్కరు ఒక్కో దేశంలో క్లబ్బులకాడుతూ టోర్నీకి ముందు కొన్ని వారాలు కలిస్తే జట్టెలా కుదురుతుంది? లక్ష జనాభా దేశమది.

నాకు బాధనిపించేది వేరే ఉంది. చార్ల్స్ అన్న సియాలే, 2011లో వెల్లింగ్టన్‌లో ఫ్రాన్స్‌ని 19-14తో ఓడించిన టోంగా తరంవాడు, 2019 ప్రపంచకప్‌కి కెప్టెన్. అన్నదమ్ములిద్దరూ బ్రిస్టల్‌లో ఒకే క్లబ్. కానీ సియాలే 2019లో అంతర్జాతీయ ఆట ఆపేశాడు, తమ్ముడికి దారి తెరుచుకున్నది 2022లో. టోంగా జెర్సీలో ఇద్దరూ కలిసి ఒక్క టెస్టూ ఆడలేదు.