రాత్రి పని స్విచ్‌కే అప్పగిస్తే నా ఉద్యోగం ఏమవుతుంది?

ప్రశ్న: ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, ఒక సంస్థ నెట్‌వర్క్ విభాగంలో ట్రెయినీగా చేరాను. రోజూ రాత్రి 40 సిస్కో స్విచ్‌లలోకి (కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే పరికరాలు) ఒక్కొక్కటిగా లాగిన్ అయి కాన్ఫిగరేషన్, అంటే సెట్టింగుల బ్యాకప్ తీయడమే నా పని. ఆ కమాండ్లు వాటంతట అవే నడిచేలా షెడ్యూల్ చేయమని సీనియర్ చెప్పారు. అలా చేస్తే ఇక నా అవసరం ఉండదేమోనని భయంగా ఉంది.

జవాబు: చేయండి, ఈ వారమే మొదలుపెట్టండి. 40 సార్లు లాగిన్ అయిన అనుభవం ఏ ఇంటర్వ్యూలోనూ పనికిరాదు. ఆ పనిని స్విచ్‌తో చేయించి, సరిగ్గా జరిగిందని రుజువు చూపగలగడం పనికొస్తుంది.

మీ సీనియర్ చెప్పింది సిస్కో ఐఓఎస్‌లోని (స్విచ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) క్రాన్ గురించే అనుకుంటున్నాను. చెప్పిన వేళకు కమాండ్లను నడిపే సౌకర్యమది. యూనిక్స్‌లో ‘సి’తో రాసేదాన్ని ఇక్కడ ‘కె’తో రాస్తారు. నడవాల్సిన కమాండ్లను ఒక పాలసీ లిస్టులో పెట్టి, ఏ వేళకు నడవాలో వేరుగా చెప్పి, రెండింటినీ జత చేయాలి. ఇది గంటలో వస్తుంది. అసలు చదువు ఆ తర్వాతే మొదలవుతుంది.

కాపీ కమాండ్ ఇస్తే సర్వర్ చిరునామా, ఫైలు పేరు చెప్పమని స్విచ్ అడుగుతుంది. మీరు కూర్చుని ఉంటే ఎంటర్ నొక్కుతారు. రాత్రి రెండింటికి నొక్కేదెవరు? ప్రశ్న అడిగే కమాండ్ క్రాన్‌లో నడవదు. అందుకే ప్రస్తుత సెట్టింగులను చూపే షో రన్నింగ్ కాన్ఫిగ్ కమాండ్ ఫలితాన్ని రీడైరెక్ట్‌తో నేరుగా టీఎఫ్‌టీపీ సర్వర్‌కు (ఫైళ్లను అందుకుని దాచే సర్వర్) పంపిస్తారు. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఒకే కమాండ్‌ను 40 స్విచ్‌లలోనూ అతికిస్తారు. ఫైలు పేరు ఒకటే కాబట్టి ఒకదాని మీద ఒకటి పడి, తెల్లారేసరికి సర్వర్‌లో ఒక్క ఫైలే మిగులుతుంది. ప్రతి స్విచ్ పేరూ ఫైలు పేరులో ఉండాలి. తేదీ కూడా కావాలంటే, ఐఓఎస్‌లోనే బ్యాకప్ కోసం ఉన్న ఆర్కైవ్ అనే సౌకర్యం చూడండి. అందులో వ్యవధిని నిమిషాల్లో ఇస్తారు, రోజుకు 1440.

గడియారం సంగతి మరవకండి. సిస్కో వారి పాత కెటలిస్ట్ రకం స్విచ్‌లు కొన్ని కరెంటు పోయి వస్తే 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలుపెడతాయి. అలాంటి స్విచ్‌కు రాత్రి రెండు గంటలంటే అర్థమేముంది? ముందు ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం తెచ్చుకునే పద్ధతి) పెట్టి, టైమ్ జోన్ 5 గంటల 30 నిమిషాలుగా ఇచ్చి, ఆ తర్వాతే క్రాన్ జోలికి వెళ్లండి.

దూరంగా ఉన్న స్విచ్‌లో మార్పు చేయాల్సి వస్తే, ముందుగా పది నిమిషాల్లో రీలోడ్ (రీస్టార్ట్) అయ్యేలా షెడ్యూల్ చేయండి. మార్పును అప్పుడే సేవ్ చేయకండి. పొరపాటున మీ దారి మీరే మూసుకున్నా, రీలోడ్ తర్వాత స్విచ్ పాత కాన్ఫిగరేషన్‌తో లేస్తుంది. అంతా బాగుంటే రీలోడ్ రద్దు చేసి, అప్పుడు సేవ్ చేయండి. నా దగ్గరకు వచ్చే ప్రతి నెట్‌వర్క్ ట్రెయినీకీ నేను మొదట చెప్పేది ఇదే.

సిస్కో ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ 200-301 పరీక్షలో ఆటోమేషన్ భాగానికి 10 శాతం వెయిటేజీ ఉంది. క్రాన్ చేతికి వచ్చాక పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, అందులో నెట్‌వర్క్ పరికరాలకు కమాండ్లు పంపే నెట్‌మికో లైబ్రరీ నేర్చుకుంటే 40 స్విచ్‌లనూ ఒకే చోటి నుంచి నడపవచ్చు. అప్పటివరకు రోజూ ఉదయం ఆఫీసుకు వెళ్లగానే సర్వర్‌లో 40 ఫైళ్లు ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఏదో ఒకటి తెరిచి చివరి పంక్తి వరకు చూడండి. వాడకంలో లేని స్విచ్ ఒకటి వారానికొకసారి అడిగి తీసుకుని, ఆ బ్యాకప్‌ను దానిలోకి ఎక్కించి చూడండి.