వైట్ స్పాట్‌ను తట్టుకున్న రొయ్యలు తల్లులుగా పనికొస్తాయా?

ప్రశ్న: మాది విశాఖ జిల్లా, భీమిలి దగ్గర. రెండెకరాల చెరువులో జనవరిలో వనామి రకం రొయ్య పిల్లలు వేశాం. ఫిబ్రవరి ఆఖరులో వైట్ స్పాట్ (తెల్లమచ్చల వైరస్ రోగం) తగిలి వారంలో చెరువు దెబ్బతింది. ఎమర్జెన్సీ పట్టుబడి తర్వాత కొన్ని రొయ్యలు మిగిలాయి. ఏప్రిల్ దాకా బతికి మంచి సైజుకు వచ్చాయి, మచ్చలు కూడా లేవు. కాలిఫోర్నియాలో అంతరించిపోతున్న అబలోన్ అనే సముద్ర నత్తల్లో, రోగాన్ని తట్టుకున్నవి మళ్లీ పెరుగుతున్నాయని మా అబ్బాయి చదివి చెప్పాడు. అలాగే ఈ రొయ్యలను తల్లులుగా పెట్టి, తెలిసిన హేచరీలో పిల్లలు తీయించవచ్చా?

జవాబు: వద్దండి. వాటిని ఏ హేచరీకీ పంపకండి. మీ అబ్బాయి చదివింది నిజమే, కానీ అక్కడ జరిగింది పూర్తిగా తెలిస్తే ఎందుకు వద్దంటున్నానో మీకే అర్థమవుతుంది.

నల్ల అబలోన్ బండలను కరుచుకుని బతికే ఒంటిచిప్ప జీవి. 1980ల మధ్యలో కాలిఫోర్నియా చానెల్ దీవుల్లో దానికి ఒక బ్యాక్టీరియా రోగం మొదలైంది. ఆ బ్యాక్టీరియా పేగు గోడ కణాల్లో చేరుతుంది. ఇక తిన్నది ఒంటబట్టదు. అబలోన్ తన కండనే కరిగించుకుంటూ కొన్నాళ్లు బతుకుతుంది, పాదం చిక్కిపోయి చివరికి బండ మీద పట్టు వదిలేస్తుంది. నీళ్లు వెచ్చబడితే ఈ రోగం మరీ ముదురుతుంది. శాన్ నికొలస్ అనే దీవిలో నూటికి 99 దాకా పోయాయి. 2009లో అమెరికా ప్రభుత్వం దాన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

తర్వాత అదే దీవిలో వాటి సంఖ్య మెల్లగా పెరగసాగింది. బతికాయి కదా, నిరోధక శక్తి వచ్చేసిందని అక్కడి శాస్త్రవేత్తలు సరిపెట్టుకోలేదు. ఆ దీవికి చెందిన అబలోన్లను, ఈ రోగం ఎరగని తీరానికి చెందినవాటిని ల్యాబ్‌లో ఒకే రోగానికి గురిచేసి చూశారు. దీవివే ఎక్కువగా బతికాయి. అయితే మరో సంగతి కూడా బయటపడింది. రోగం తెచ్చే ఆ బ్యాక్టీరియాకే ఒక వైరస్ సోకి, దాని తీవ్రత తగ్గింది. అంటే అబలోన్ బతకడంలో జన్యువులది కొంత పాత్ర, బలహీనపడిన బ్యాక్టీరియాది కొంత. పోల్చి చూడకపోతే ఇది తెలిసేదే కాదు.

మీ చెరువులో ఆ పోలిక లేదు. పైగా వైట్ స్పాట్‌కు వేడి పడదు. నీటి ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీలు ఉంటే వనామిలో ఈ వైరస్ జోరు బాగా తగ్గుతుంది. ఫిబ్రవరి చలి రాత్రుల్లో చచ్చిన రొయ్యకూ, మార్చి దాటాక ఎండలకు బతికిన రొయ్యకూ జన్యువుల్లో ఏ తేడా లేకపోవచ్చు. చావులు మొదలయ్యాక రొయ్యలు పలచబడి, వైరస్ తక్కువ మోతాదులో తగిలి బతికినవీ ఉంటాయి. అలాంటి తల్లికి పుట్టే పిల్లలు మామూలు పిల్లలే.

అసలు భయం ఇంకొకటి. వైట్ స్పాట్ నుంచి బయటపడిన రొయ్య ఒంట్లో వైరస్ కొద్దికొద్దిగా ఉండిపోతుంది. మచ్చ కనిపించదు, మేత బాగానే తింటుంది. ఒక్కోసారి వైరస్‌ను పసిగట్టే పీసీఆర్ టెస్టులో కూడా దొరకదు. గుడ్లు పెట్టే ఒత్తిడికి అదే వైరస్ ఒక్కసారిగా పెరిగి పిల్లలకు చేరుతుంది. ఆ సీడ్ (చెరువులో వేసే పిల్లలు) ఎన్ని చెరువులకు వెళితే అన్ని చెరువులూ ప్రమాదంలో పడ్డట్టే. పైగా ఒక్కో తల్లి లక్షకు పైగా గుడ్లు పెడుతుంది కాబట్టి, కొద్దిపాటి తల్లులతో తీసిన సీడ్ అంతా అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములే. అందుకే చెరువులో పెరిగిన వనామిని బ్రూడర్లుగా, అంటే తల్లి రొయ్యలుగా వాడకూడదని కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధన పెట్టింది.

నిరోధక శక్తి కోసం బ్రీడింగ్ చేసేవాళ్లు పాటించే పద్ధతి గమనించండి. ఒక్కో జంట పిల్లలను విడిగా పెంచి, ఒక్కో కుటుంబానికి లెక్క రాసుకుంటారు. ప్రతి కుటుంబం నుంచి కొన్నిటిని వేరే చోట వైరస్‌కు గురిచేస్తారు. ఏ కుటుంబంలో ఎక్కువ బతికాయో చూసి, ఆ కుటుంబంలో వైరస్ సోకని తోబుట్టువులను తల్లిదండ్రులుగా ఎంచుకుంటారు. రోగంలో బతికి బయటపడ్డ రొయ్యను మాత్రం తల్లిగా పెట్టరు. ఇలా తరం తర్వాత తరం చేస్తూ పోవాలి. 1992లో ఈక్వెడార్‌లో బయటపడ్డ టౌరా అనే మరో రొయ్యల వైరస్ విషయంలో ఈ పద్ధతి బాగా ఫలించింది. 1990ల మధ్యలో మన తీరంలో టైగర్ రొయ్యను దెబ్బతీసిన వైట్ స్పాట్ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. వైట్ స్పాట్‌ను తట్టుకునే శక్తి ఒక్క జన్యువు మీద ఆధారపడింది కాదు, చిన్నచిన్న ప్రభావమున్న అనేక జన్యువులు కలిస్తేనే వస్తుంది.

హేచరీలవాళ్లు చెప్పే ఎస్‌పీఎఫ్ అన్న మాటతో కూడా జాగ్రత్త. ఆ తల్లులకు ఫలానా రోగాలు లేవని మాత్రమే దాని అర్థం. రోగం వస్తే తట్టుకుంటాయన్న హామీ అందులో లేదు.

ఇక ఇప్పుడు చేయాల్సింది. మిగిలిన రొయ్యలన్నీ పట్టేయండి. ఈ వైరస్ మనిషికి సోకదు కనుక తినడానికి అమ్ముకోవచ్చు, ఇబ్బంది లేదు. తలలు, పెంకులు, కడిగిన నీళ్లు మాత్రం కాలువలో పారబోయకండి. తలలు, పెంకులు సున్నం వేసి గోతిలో పూడ్చండి. చెరువు నీళ్లలో బ్లీచింగ్ కలిపి కనీసం వారం ఆపండి, అప్పటిదాకా బయటికి వదలొద్దు. తర్వాత అడుగు నెర్రెలు పడేదాకా ఎండనివ్వండి. గట్టు బొరియల్లో దాగిన పీతలు కూడా ఈ వైరస్‌ను మోస్తాయి. వాటిని ఏరించి, చుట్టూ పీతల కంచె వేయించండి. తర్వాతి పంట చలి తగ్గాక వేసుకోండి. సీడ్ దింపే ముందు మీరు కొనే ట్యాంకు పిల్లలనే మీ ఎదుట శాంపిల్ తీయించి, పీసీఆర్ రిపోర్టు చేతికి వచ్చాకే డబ్బు కట్టండి.